పొదుపు ఏ పద్దులో పడుతుంది?

(బెంగళూరు మల్లేశ్వరంలో తెలుగువారు కలుసుకున్న ఒక ఆదివారం సాయంత్రం, విద్యుత్ ఆడిటర్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నన్ను పరిచయం చేసినవారు ‘ఆడిటర్’ అనగానే ముందు వరుసలో ఇద్దరు ముగ్గురు సర్దుకుని కూర్చోవడం చూశాను. కంగారు పడకండి, నేను చూసేది కరెంటు లెక్కలు మాత్రమే. (నవ్వులు) హిందూపురం నుంచి ఉద్యోగం కోసం ఈ ఊరు వచ్చి ముప్పై ఏళ్లు దాటాయి. అందులో సగం కాలం ప్రభుత్వ కార్యాలయాల్లో, ఆసుపత్రుల్లో, హాస్టళ్లలో మీటరు పట్టుకుని తిరగడంతోనే సరిపోయింది.

ఎక్కడికి వెళ్లినా మొదట నా కంటపడేది బీరువా. ఈ ఊళ్లో పాత ప్రభుత్వ భవనాలు ఎంత బాగా కట్టారో మీరు చూసే ఉంటారు. ఎత్తైన పైకప్పులు, మందపాటి గోడలు, నిలువెత్తు కిటికీలు. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఆ కిటికీలు తెరిచి పెడితే ఏడాదిలో చాలా నెలలు ఫ్యాను కూడా అక్కర్లేదు. సరిగ్గా ఆ కిటికీలకు అడ్డంగా బీరువాలు పెడతారు. బీరువా నెత్తిన ఫైళ్ల కట్టలు. వెలుగు రాదు కాబట్టి పట్టపగలు ట్యూబులైట్లు. గాలి రాదు కాబట్టి ఫ్యాన్లు. కొన్నాళ్లకు ఒక పెద్దాయన బదిలీ మీద వచ్చి, ఉక్కపోస్తోందని ప్లైవుడ్ గోడ పెట్టించి ఏసీ బిగించుకుంటారు. ఒక్క బీరువా ఇంత పని చేస్తుంది. దాన్ని పక్కకు జరపడానికి ఏ బ్యాంకు రుణమూ అక్కర్లేదు, ఇద్దరు మనుషులు చాలు. అయినా నేను రాసిన సిఫారసుల్లో ఎక్కడా అమలు కానిది అదొక్కటే!

సరే, బీరువాను అలా ఉంచుదాం. ఇవాళ నేను మాట్లాడవలసింది డబ్బు గురించి. ప్రభుత్వ భవనాల్లో కరెంటు ఆదా చేసే పనులకు డబ్బు ఎవరు పెట్టాలి, ఎలా తిరిగి రావాలి అన్నది విషయం.

ఈ ఊరికి కరెంటుతో చుట్టరికం పాతది. 1902లో శివనసముద్రం దగ్గర కావేరి నీటితో కరెంటు పుట్టించి కోలారు బంగారు గనులకు పంపారు. ఆ గనుల్లోకి దిగినవారిలో మన తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. 1905లో బెంగళూరు వీధుల్లో విద్యుత్ దీపాలు వెలిగాయి. ఆనాటి పాలకులు కరెంటు పుట్టించడానికి డబ్బు వెతుక్కున్నారు. మనం కరెంటు మిగల్చడానికి వెతుక్కుంటున్నాం. ఇది దానికంటే చాలా చవకైన పని. అయినా డబ్బు పుట్టడం మాత్రం దీనికే కష్టం. ఎందుకంటే పవర్ హౌసుకు శంకుస్థాపన ఉంటుంది, రిబ్బను ఉంటుంది, ఫోటో ఉంటుంది. ఖర్చు కాకుండా మిగిలిన యూనిట్లకు ఎవరు కొబ్బరికాయ కొడతారు? (నవ్వులు)

ఒక చిన్న లెక్క చెబుతాను. పాత ట్యూబులైటు 40 వాట్లు. దాని చోకు ఇంకో 12 వాట్లు తింటుంది. మొత్తం 52. ఎల్ఈడీ ట్యూబు 18 వాట్లతో ఆ పని చేస్తుంది. తేడా 34 వాట్లు. ఆఫీసు రోజుకు 8 గంటలు, ఏడాదికి 250 రోజులు నడుస్తుందనుకుంటే 2,000 గంటలు. అంటే ఏడాదికి 68 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలు వేసుకున్నా 544 రూపాయలు. ట్యూబు ఖరీదు 250 అనుకుందాం. ఆరు నెలలు తిరక్కుండానే పెట్టిన డబ్బు చేతికి వచ్చేస్తుంది. ఇంత వడ్డీ ఏ చీటీల వ్యాపారి ఇస్తానన్నా మీరు నమ్మరు, నమ్మకూడదు కూడా. కానీ ఇది నిజం. మరి ప్రతి ప్రభుత్వ ఆఫీసులోనూ ఈ పని ఎప్పుడో జరిగిపోయి ఉండాలి కదా?

ఇక్కడే అసలు చిక్కు ఉంది. భవనం ఒకరిది. ఇక్కడ పి.డబ్ల్యు.డి. అంటారు, మన వైపు ఆర్ అండ్ బి అంటారు. వైరింగు, ఫిట్టింగులు వాళ్ల చేతిలో ఉంటాయి. బిల్లు కట్టేది అందులో కూర్చున్న శాఖ. ఆ శాఖకు డబ్బు ఇచ్చేది ఆర్థిక శాఖ. పాత చోకు మార్చితే పి.డబ్ల్యు.డి. ఇంజనీరుకు ఒరిగేది లేదు, ఆయన బిల్లు కట్టడు. ఆఫీసరు మార్చాలన్నా ఫిట్టింగు ఆయనది కాదు. అత్త సొమ్ము అల్లుడి దానం అన్నట్టు, కరెంటు వాడే చేయి వేరు, డబ్బు ఇచ్చే చేయి వేరు. పైగా బిల్లు రెవెన్యూ పద్దులో ‘నీటి, విద్యుత్ ఛార్జీలు’ కింద వస్తుంది. కొత్త చిల్లరు, అంటే భవనం మొత్తాన్ని చల్లబరిచే పెద్ద ఏసీ యంత్రం, కొనాలంటే అది మూలధన పద్దు. ఒక పద్దులో మిగిలితే దాన్ని ఇంకో పద్దులో ఖర్చు పెట్టే అధికారం ఆ ఆఫీసరుకు లేదు. మార్చి 31 దాటితే మిగిలిందంతా ఖజానాకు వెనక్కి వెళ్లిపోతుంది.

నేను కళ్లారా చూసింది ఒకటి చెబుతాను. ఒక జిల్లా ఆసుపత్రి, పేరు చెప్పను. అక్కడి సూపరింటెండెంటు గారు పట్టుదల మనిషి. రాత్రిపూట ఖాళీగా ఉన్న వార్డుల్లో దీపాలు ఆర్పించారు, పాడైపోయిన కెపాసిటర్లు మార్పించి పవర్ ఫ్యాక్టర్ జరిమానా, అంటే కరెంటును సమర్థంగా తీసుకోనందుకు కరెంటు కంపెనీ వేసే జరిమానా, తప్పించారు, ఏసీలన్నీ 24 డిగ్రీలకు పెట్టించారు. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు తగ్గుతుందని బీఈఈ వాళ్లు, అంటే కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ వాళ్లు, ఎప్పటి నుంచో చెబుతున్నారు. బిల్లు బాగా తగ్గింది. మరుసటి ఏడాది బడ్జెట్‌లో ఏమైందో ఊహించండి. ‘మీకు ఇంత అవసరం లేదు కదా’ అని ఆ పద్దు కోసేశారు. ఆయన ఆపరేషన్ థియేటర్ ఏసీకి కొత్త మోటారు అడిగితే నిధులు లేవన్నారు. పొరుగు జిల్లా ఆసుపత్రి దుబారా చేసింది, దానికి పద్దు పెంచారు. ఆయన నాతో ఒకే మాట అన్నారు: ‘నేను మిగిల్చింది నాకు కనిపించనే లేదు బాబూ.’

ఆ మాట దగ్గరే నా ఆలోచన మొదలైంది. ప్రభుత్వం దగ్గర డబ్బు లేదన్నది అబద్ధం. నెల నెలా బిల్లు కడుతున్నారు కదా, అదే డబ్బు. మిగిలింది మిగిల్చినచోట నిలబడే దారి మాత్రం లేదు.

ఆ దారి వేయడానికి లోకంలో రకరకాల ప్రయత్నాలు జరిగాయి. మన దేశంలో బాగా నడిచింది ఒకటి చూద్దాం. 2009లో నాలుగు కేంద్ర విద్యుత్ సంస్థలు – ఎన్‌టీపీసీ, పవర్ ఫైనాన్స్ కార్పొరేషన్, ఆర్‌ఈసీ, పవర్ గ్రిడ్ – కలిసి ఈఈఎస్‌ఎల్ అనే కంపెనీ పెట్టాయి. దాని పద్ధతి ఇది: మీ భవనంలో దీపాలు, ఫ్యాన్లు, ఏసీలు మేమే మా డబ్బుతో మారుస్తాం, తగ్గిన బిల్లులోంచి కొన్నేళ్లపాటు మాకు వాయిదాలు కట్టండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను ఊడ్చి పెట్టింది, మీలో ఆ ఊరివాళ్లుంటే ఆ రోజు మరిచిపోయి ఉండరు. ఆ తరువాత విశాఖలో సుమారు 90 వేల వీధి దీపాలు ఈ పద్ధతిలోనే ఎల్ఈడీలుగా మారాయి. నగరపాలక సంస్థ ఒక్కసారిగా పెట్టుబడి పెట్టే పని లేకపోయింది. ఎల్ఈడీ బల్బు ధర కూడా చూడండి. 2014లో ఆ కంపెనీ 310 రూపాయలకు కొన్న బల్బు, రెండు మూడేళ్లలో 38 రూపాయలకు దిగింది. కోట్ల సంఖ్యలో ఒక్కచోట టెండరు పిలవడం వల్ల జరిగిన పని అది. ఒక్కో ఆఫీసు విడివిడిగా కొంటే ఆ ధర కలలో కూడా రాదు.

ప్రైవేటు వాళ్లు కూడా ఈ పని చేస్తారు. ఎస్కో అంటారు, ఇంధన సేవా కంపెనీ. పొదుపులో వాటా పంచుకుందాం అని ఒప్పందం. వినడానికి ఎంత బాగుందో! కానీ ఎస్కో యజమాని మొదట అడిగే ప్రశ్న ఏమిటో తెలుసా? ‘అయ్యా, ఈ శాఖ కరెంటు బిల్లే సకాలంలో కట్టడం లేదు, నాకేం కడుతుంది?’ డిస్కంలకు, అంటే కరెంటు పంపిణీ కంపెనీలకు, ప్రభుత్వ శాఖలు, స్థానిక సంస్థలు పడ్డ బకాయిల గురించి పత్రికల్లో చదువుతూనే ఉన్నారు. బిల్లే కట్టని చోట, తగ్గిన బిల్లులో వాటా అంటే గాలిలో వాటా. బ్యాంకులకూ అదే భయం. ఆ భయం కొంత తీర్చడానికి ప్రపంచ బ్యాంకు సాయంతో చిన్న పరిశ్రమల బ్యాంకు సిడ్బీ 2015లో నష్టభారాన్ని పంచుకునే పథకం ఒకటి పెట్టింది. ఎస్కో అప్పు మునిగితే బ్యాంకు నష్టంలో కొంత ఆ నిధి భరించాలన్నది ఏర్పాటు. మంచిదే. కానీ కట్టవలసిన ప్రభుత్వం కట్టకపోతే గ్యారంటీ ఎంతకాలం నిలుస్తుంది? రోగం ఒకచోట, మందు ఇంకోచోట.

నాకు బాగా నచ్చిన పద్ధతి వేరు. అది అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో 1988లో పుట్టింది. చమురు కంపెనీలు అంతకుముందు జనం దగ్గర ఎక్కువ ధర వసూలు చేశాయని తేలి, ఆ డబ్బు రాష్ట్రాలకు తిరిగి ఇవ్వవలసి వచ్చింది. టెక్సస్ ఆ డబ్బులో 9.86 కోట్ల డాలర్లు పక్కన పెట్టి, దాన్ని పంచిపెట్టలేదు. ప్రభుత్వ భవనాలు, విశ్వవిద్యాలయాలు, పాఠశాలలకు పొదుపు పనుల కోసం అప్పుగా ఇచ్చింది. తగ్గిన బిల్లులోంచి అప్పు తీరుస్తారు, తీరిన డబ్బు ఇంకో భవనానికి వెళుతుంది. లోన్‌స్టార్ అని పేరు పెట్టారు. మన ఊళ్లలో విత్తనాల గాదె ఉండేది గుర్తుందా? వానలకు ముందు తీసుకెళ్లి, పంట రాగానే కొలిచి తిరిగి పోయాలి. అచ్చం అదే. అందులో ఇంకో విశేషముంది. డబ్బు ఇచ్చాం కదా అని ఊరుకోకుండా ప్రతి భవనానికీ మీటర్లు పెట్టి చూశారు. చూస్తే, కొత్త యంత్రాలు కొనకముందే ఉన్న యంత్రాలను సరిగ్గా నడిపితే చాలా మిగులుతుందని తేలింది. రాత్రంతా తిరిగే మోటార్లు, ఒకే గదిని ఒకవైపు చల్లబరుస్తూ ఇంకోవైపు వేడి చేసే యంత్రాలు. అక్కడా ఉన్నాయండీ బీరువాలు! (నవ్వులు)

జర్మనీలో స్టుట్‌గార్ట్ నగరం 1995లో ఇదే పనిని బయటి డబ్బు లేకుండా చేసింది. నగర పాలనలోని ఇంధన విభాగమే తన సొంత శాఖలకు ఎస్కో అయింది. పాఠశాల బాయిలరు మార్చడానికి డబ్బు ఇస్తుంది, ఆ పాఠశాల ఇంధన పద్దులో తగ్గింది ఏటా ఈ విభాగానికి చేరుతుంది, అప్పు తీరాక మిగులంతా పాఠశాలదే. కుడి జేబులోంచి ఎడమ జేబులోకి డబ్బు మార్చడం అని మీరు అనవచ్చు. నిజమే. ప్రభుత్వ లెక్కల్లో అన్నింటికంటే కష్టమైన ప్రయాణం అదే మరి.

మన చట్టంలో దీనికి చోటు లేదా అంటే, ఉంది. 2001 ఇంధన పొదుపు చట్టం 16వ సెక్షన్ ప్రకారం ప్రతి రాష్ట్రం ఒక ఇంధన పొదుపు నిధి పెట్టుకోవాలి. కేంద్రం తన వంతుగా ఒక్కో రాష్ట్రానికి గరిష్ఠంగా 4 కోట్లు, రెండు విడతలుగా ఇచ్చే ఏర్పాటు చేసింది. 4 కోట్లు ఎంతండీ? ఒకటి రెండు పెద్ద ఆసుపత్రుల్లో చిల్లర్లు మార్చడం మొదలుపెడితే హారతి కర్పూరం. పైగా చాలాచోట్ల ఆ డబ్బు ప్రదర్శనలకు, సదస్సులకు సరిపెట్టే మనస్తత్వం ఉంది. నేనూ ఆ సదస్సుల్లో భోంచేసినవాడినే, కాదనను. అదే డబ్బును గాదెలా తిప్పితే ఆరు నెలలకోసారి తిరిగొచ్చే ట్యూబులైట్లతో పదేళ్లలో ఎన్ని ఆఫీసులు చుట్టి వస్తుందో లెక్క వేయండి.

కానీ అందులో ఒక ఉచ్చు ఉంది. అన్ని పనులూ ట్యూబులైట్లలా తొందరగా తిరిగి రావు. ఫ్యాను సంగతే చూడండి. పాత ఫ్యాను 75 వాట్లు. కొత్తగా వస్తున్న, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ మోటారు ఫ్యాను 28 వాట్లు. తేడా 47. చెన్నైలో ఒక ప్రభుత్వ ఆసుపత్రి వార్డు అనుకుందాం. అక్కడ ఫ్యాను 24 గంటలు, ఏడాదికి 330 రోజులు తిరుగుతుంది. సుమారు 372 యూనిట్లు మిగులుతాయి, దాదాపు 3,000 రూపాయలు. ఫ్యాను ధర కూడా 3,000 అనుకుంటే ఏడాదిలో అప్పు చెల్లు. అదే ఫ్యాను బెంగళూరు ఆఫీసులో పెట్టండి. రోజుకు 8 గంటలు, 150 రోజులు. మిగిలేది 56 యూనిట్లు, 450 రూపాయలు. ఆరున్నర ఏళ్లు పడుతుంది. ఫ్యాను అదే, ధర అదే, రైల్లో కొన్ని గంటల దూరంలో ఉన్న రెండు ఊళ్లు. అందుకే దేశమంతటికీ ఒకే సర్క్యులర్ పంపి ‘ఫ్యాన్లు మార్చండి’ అంటే నాకు ఒళ్లు మండుతుంది. చెన్నై వార్డుల్లో ముందు మార్చాలి. బెంగళూరు ఆఫీసుల్లో పాతది పాడైనప్పుడు మార్చితే చాలు.

ఈ తేడా తెలిసిన ఎస్కో ఏం చేస్తుంది? మీగడ తీసుకుని వెళ్లిపోతుంది. లైట్లు మార్చి, ఏడాది రెండేళ్లు వాటా తీసుకుని చక్కాపోతుంది. చిల్లరు మాత్రం అక్కడే గుర్రు పెడుతూ ఉంటుంది. ఇప్పుడు దానికి డబ్బు పెట్టేవాడు ఎవడూ రాడు, ఎందుకంటే దానికి తోడుగా చూపించవలసిన లైట్ల పొదుపు ముందే అయిపోయింది. కాబట్టి కలిపి ఇవ్వాలి. లైట్లకు 5 లక్షలు పెడితే ఏడాదికి 10 లక్షలు మిగులుతాయనుకోండి. చిల్లరుకు 60 లక్షలు పెడితే 8 లక్షలే మిగులుతాయి, ఏడున్నర ఏళ్లు. రెండూ కలిపితే 65 లక్షల పెట్టుబడి, 18 లక్షల పొదుపు, నాలుగేళ్లలోపే తీరుతుంది. బెర్లిన్ నగరం 1996 నుంచి ఇలాగే చేసింది, అదీ భవనాల స్థాయిలో. లాభసాటి భవనాన్నీ, ఎవరూ ముట్టుకోని భవనాన్నీ ఒకే మూటగా కట్టి టెండరు పిలిచింది. మంచి మామిడిపళ్లతో పాటు మచ్చ పళ్లు కూడా బుట్టతో సహా తీసుకోవలసిందే.

టెండరు అన్నాను కాబట్టి ఎల్1 గురించి ఒక్క మాట. తక్కువ ధర కోట్ చేసినవాడికే ఇవ్వాలన్న నియమం పెన్సిళ్లకు బాగుంటుంది. ఇరవై ఏళ్లు నడిచే చిల్లరు ఖరీదు దాని ధర చీటీ మీద ఉండదు, అది తినే కరెంటులో ఉంటుంది. జీవితకాలపు ఖర్చు లెక్కగట్టి కొనాలి. దీని గురించి ఎక్కువ మాట్లాడితే నాకు రక్తపోటు పెరుగుతుంది, ఇంతటితో వదిలేస్తాను.

చివరిగా కొలత. ఒక విద్యార్థి వసతిగృహంలో జరిగింది. లైట్లు, ఫ్యాన్లు, పంపులు మార్చారు. ఏడాది తరువాత చూస్తే బిల్లు తగ్గలేదు. కంపెనీవాళ్లు ‘మేం 30 శాతం తగ్గించాం, డబ్బు ఇవ్వండి’ అంటారు. వార్డెను ‘బిల్లు అంతే ఉంది, ఏది తగ్గింది?’ అంటారు. పంచాయితీకి నన్ను పిలిచారు. గదులు తిరిగి చూస్తే మంచాల కింద ఇండక్షన్ పొయ్యిలు, బకెట్లలో వేసే హీటర్లు! (నవ్వులు) ఇద్దరూ నిజమే చెబుతున్నారు. పని మొదలుపెట్టక ముందే ఏడాది వాడకం నమోదు చేసి, విడి మీటర్లు పెట్టి, మనుషులు పెరిగితే, ఎండలు పెరిగితే లెక్క ఎలా సవరించాలో కాగితం మీద రాసుకుని ఉంటే ఆ గొడవే లేదు. మీటర్లకు పెట్టే ఖర్చును దండగ అనుకుంటారు. తరువాత వకీళ్లకు పెడతారు.

(సభలో ఒకరు: ఇదంతా ఎందుకు, పైకప్పు మీద సోలార్ పెట్టుకుంటే సరిపోదా?)

పెట్టుకోండి, చాలా మంచిది. సోలార్‌కు బయటి పెట్టుబడి సులువుగా దొరకడానికి కారణం గమనించారా? ఎన్ని యూనిట్లు పుట్టాయో మీటరు చూపిస్తుంది, యూనిట్‌కు ఇంత అని కట్టేయవచ్చు. ఖర్చు కాని యూనిట్‌ను చూపించే మీటరు లేదు. మేం నానా తంటాలు పడేది అందుకే. కానీ ముందు వాడకం తగ్గించి తరువాత సోలార్ పెడితే చిన్న సోలార్ చాలు. చిల్లుకుండ పూడ్చకుండా బావి పెద్దది తవ్వించుకోవడం ఎందుకు?

(మరొకరు: నేను ట్రెజరీలో పనిచేసి రిటైరయ్యాను. మిగిలిన డబ్బు ఆఫీసులో ఉంచుకుంటే ఆడిట్ అభ్యంతరం వస్తుంది కదండీ?)

తప్పకుండా వస్తుంది. రావాలి కూడా. అందుకే నేను అడిగేది ఒక జీవో. కొలిచి నిర్ధారించిన పొదుపులో సగం అయిదేళ్లపాటు ఆ సంస్థకే వదిలేయండి, ఆ అయిదేళ్లూ విద్యుత్ పద్దు కోయకండి, మిగతా సగం రాష్ట్ర పొదుపు నిధికి పంపండి. మూడే వాక్యాలు. మీరు ట్రెజరీ మనిషి కాబట్టి ముసాయిదా రాసిపెట్టండి, నాకు ఆ భాష రాదు. (నవ్వులు)

(వెనుక నుంచి ఒకరు: ఆ జీవో వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవాలా?)

అక్కర్లేదు. పెద్ద ఆఫీసులకు హెచ్‌టీ, అంటే హై టెన్షన్, కనెక్షన్ ఉంటుంది. భవనం కట్టినప్పుడు ఎవరో ధారాళంగా 500 కేవీఏ డిమాండ్‌కు, అంటే ఒకేసారి లాగే గరిష్ఠ లోడుకు, ఒప్పందం రాసి ఉంటారు. ఏడాది పొడవునా మీటరులో 280 దాటి ఉండదు. అయినా ఒప్పందంలో ఇంత శాతానికి కనీసం కట్టాలన్న నిబంధన ఉంటుంది. 85 శాతం అనుకుంటే 425 కేవీఏకు కట్టవలసిందే. ఒప్పందాన్ని 320కి తగ్గించమని డిస్కంకు ఒక ఉత్తరం రాయండి. 320లో 85 శాతం 272 మాత్రమే కాబట్టి, అప్పుడు వాడిన 280కే కడతారు. 145 కేవీఏ తేడా. నెలకు కేవీఏకు 300 రూపాయలు అనుకుంటే ఏడాదికి 5 లక్షల పైచిలుకు. ఒక్క బల్బు మార్చలేదు, ఒక్క పైసా పెట్టుబడి లేదు. ఆ డబ్బుకు ఇందాకటి ట్యూబులు 2,000 వస్తాయి. మరుసటి ఏడాది అవి 10 లక్షలకు పైగా మిగుల్చుతాయి. పన్నెండు నెలల బిల్లులు దగ్గర పెట్టుకుని, అన్నిటికంటే ఎక్కువ నమోదైన డిమాండ్ ఎంతో చూసి, మీద కొంచెం జాగ్రత్త వేసుకుని రాయాలి. మరీ తగ్గించి రాస్తే దాటినప్పుడు జరిమానా పడుతుంది. ఆ ఉత్తరం నమూనాలు నా సంచిలో పది పన్నెండు ఉన్నాయి, కన్నడంలోనూ ఉన్నాయి, తెలుగులోనూ ఉన్నాయి. కాఫీ దగ్గర అడిగి తీసుకోండి.